మత్తు తరువాతి ఓకరింత

1846 అక్టోబరు 16 నాడు అమెరికాలోని బోస్టను నగరమున విలియం మోర్టను అను దంతవైద్యుడు ఈథరు ఆవిరిని పీల్పింపగా, రోగి మెడలోని కంతిని శస్త్రవైద్యుడు నొప్పి తెలియకుండ కోసివేసెను. ఆ దినముతో శస్త్రవైద్యమునకు నూతన యుగము ప్రారంభమైనదని చరిత్రకారులందరును వ్రాయుదురు గాని, తెలివి వచ్చిన పిదప కుట్లు అదరునట్లుగా రోగిని పీడించిన వాంతులను గూర్చి వ్రాసినవారు అరుదు. మరుసటియేట ఎడింబరోలో సింప్సను అను వైద్యుడు క్లోరోఫారమను మత్తుమందును వాడుకలోనికి తెచ్చెను. లండనులో జాన్ స్నో అను వైద్యుడు మాత్రము, భోజనము చేసిన కొలది సేపటికే మత్తు గొన్నవారికి వాంతులు హెచ్చగునని శ్రద్ధతో గమనించి వ్రాసియుంచెను.

ఈ చరిత్రలో మన హైదరాబాదునకు గొప్ప స్థానము కలదు. 1888, 1889 సంవత్సరములలో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పోషణమున, ఎడ్వర్డు లారీ అను వైద్యుని ఆధ్వర్యమున రెండు క్లోరోఫారం కమిషనులు ఇచట పరిశోధనలు సాగించెను. ఆ నగరముననే రూపాబాయి ఫర్దూన్జీ మత్తునిచ్చు విద్యలో ఆరితేరెను. ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలు ఆమెయేయని పలువురు చెప్పుదురు. అయితే ఆ కమిషనులను వేధించిన ప్రశ్న, మత్తులో ముందుగా ఆగునది గుండెయా, శ్వాసయా యనునదే. ప్రాణభయము ముందుండగా వాంతి స్వల్పవిషయమై తోచుట సహజమే. కాని ప్రాణభయము తగ్గిన తరువాతను దానిని స్వల్పముగనే యెంచుట న్యాయము కాదు.

ఇరువదవ శతాబ్దమున వైద్యులు ఈ బాధను లెక్కించి చూడగా, పురుషులకంటె స్త్రీలకు ఇది రెండు మూడు రెట్లు అధికమనియు, రజస్వల కాని బాలికలకును బాలురకును నడుమ ఆ భేదము కానరాదనియు తేలెను. అందుచే దృష్టి ఋతుచక్రముపై పడెను. 1991లో లాపరోస్కోపీ చేయించుకొన్న స్త్రీలను పరీక్షించిన కెనడా వైద్యులు బహిష్టు దినములలో వాంతులు హెచ్చని చెప్పగా, అదే యేట ఫిన్లాండు వైద్యులు అండము విడుదలయైన తరువాతి దినములలో హెచ్చని చెప్పిరి. ఒకే ప్రశ్నకు రెండు విరుద్ధ సమాధానములు వచ్చినప్పుడే సందేహింపవలసియుండెను. పిమ్మట జరిగిన పరిశోధనలలో ఏ దశకును స్థిరమైన ప్రభావము కనబడలేదు. నేటి వైద్యమార్గదర్శక సూత్రములు ఋతుదశను లెక్కింపనక్కరలేని విషయములలో చేర్చినవి.

మరి లెక్కింపదగినవి యేవి? ఎవరికి వాంతులగునో ముందుగా తెలుపునవిగా 1999లో అప్ఫెల్ అను వైద్యుడు, అతని సహచరులు నిర్ణయించిన లక్షణములు నాలుగే: స్త్రీ యగుట, పొగ త్రాగకుండుట, మునుపు మత్తు తరువాత గాని ప్రయాణములో గాని వాంతులై యుండుట, శస్త్రచికిత్స పిదప నల్లమందు జాతి నొప్పి మందులు వాడుట. ఇవి యేవియు లేనివారిలో నూటికి 10 మందికిని, నాలుగును ఉన్నవారిలో సుమారు 80 మందికిని ఈ బాధ కలుగును. ఉత్తరాంధ్ర తీరమున నిప్పు కొనను నోటిలో నుంచుకొని అడ్డపొగ త్రాగు స్త్రీలను మినహాయింపగా మన స్త్రీలలో పొగ త్రాగువారు అరుదు గనుక, మొదటి రెండు లక్షణములును వారికి దాదాపు ఎల్లప్పుడును ఉండనే యుండును.

కావున ఆపరేషనుకు దినము నిశ్చయించుకొను సోదరీమణులకు నా విన్నపమిది: వాంతుల భయముచేత నెలసరిని చూచి ముహూర్తము మార్చుకొనవలదు. బస్సు ప్రయాణము పడదన్న సంగతిని, వెనుకటి ఆపరేషనులో వాంతులైన సంగతిని మత్తువైద్యునికి తప్పక చెప్పుడు; వాంతి రాకుండ ముందుగనే ఇయ్యదగిన మందులు నేడు పెక్కు కలవు.