పదసంపదయు ప్రవేశపరీక్షయు

అమెరికా కళాశాలలలో ప్రవేశము గోరు విద్యార్థులు ఆంగ్లపదముల పట్టికలను వల్లెవేయు ఆచారము అనాదిసిద్ధము కాదు. 1926 జూన్ 23వ తేదీని సుమారు ఎనిమిదివేలమంది బాలబాలికలు తొలి 'స్యాట్' పరీక్షను వ్రాసిరి. మొదటి మహాయుద్ధమునాడు సైనికులకు పెట్టిన బుద్ధిపరీక్షలే దీనికి మాతృక. కూర్చినవాడు ప్రిన్‌స్టన్ ఆచార్యుడు కార్ల్ బ్రిగమ్. జాతులకు పుట్టుకతోనే బుద్ధితారతమ్యము గలదని 1923లో గ్రంథము వ్రాసిన యీతడే, 1930లో ఆ వాదము నిరాధారమని యొప్పుకొనెను. ఆ నిజాయితీని మేము మెచ్చుకొందుము, పరీక్షమాత్రము నిలిచిపోయెను.

వ్యతిరేకపదములను, పదసామ్యములను అడిగి సహజబుద్ధిని తూచవచ్చునని నిర్వాహకుల నమ్మకము. ఒక ప్రశ్న మిక్కిలి ప్రసిద్ధికెక్కినది: పరుగువానికి మారథాన్ యెట్లో, తెడ్డువేయువానికి 'రెగట్టా' యట్లని గుర్తింపవలెనట! పడవపందెములు చూచి యెరుగని యింటి బిడ్డకు ఈ మాట చెప్పువారెవరు? ఇది బిడ్డ బుద్ధికి పరీక్షయా, తండ్రి సంపదకా? 1946లో న్యూయార్కునందలి బ్రూక్లిన్‌లో స్టాన్లీ కప్లాన్ ఈ పరీక్షకు శిక్షణ నిచ్చుట మొదలిడెను. శిక్షణవలన ఫలము లేదని నిర్వాహకులు చిరకాలము వాదించిరి. నేర్పగా వచ్చునది సహజశక్తి యెట్లగునో చదువరులే యోచింతురుగాక.

1994లో వ్యతిరేకపదములు, 2005లో పదసామ్యములు తొలగిపోయినవి. మన తెలుగు యువకులు అమెరికాలో పైచదువులకై వ్రాయు జీఆర్ఈ పరీక్షనుండియు 2011లో ఆ రెండును పోయెను. పదపట్టికలు మాత్రము సీనియర్ల చేతినుండి జూనియర్ల చేతికి ఇంకను మారుచునే యున్నవి.