బిట్‌బ్యాంకు నుండి చాట్‌బాట్ వరకు: అశోక్‌నగర్ పఠనసంస్కృతి, శోధనయంత్రాల పోటీ

ఉపోద్ఘాతం

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలు ప్రభుత్వోద్యోగ పరీక్షలకు సిద్ధమయ్యే అభ్యర్థులకు నెలవులు. నగర కేంద్ర గ్రంథాలయం, శిక్షణ కేంద్రాలు, వసతిగృహాలు, పుస్తకాల దుకాణాలు, జిరాక్సు కేంద్రాలు దగ్గరదగ్గరగా ఉండటం వల్ల ఇక్కడ ఒక ప్రత్యేక పఠనసంస్కృతి ఏర్పడింది. సమాధానం ఏమిటి, దానికి ఆధారం ఏమిటి అనే రెండు ప్రశ్నలు ఇక్కడ ఉపాధితో ముడిపడినవి. కృత్రిమ మేధతో పనిచేసే చాట్‌బాట్ల రాకతో శోధనయంత్రాల పోటీ ఎలా మారుతున్నదో ఈ నేపథ్యం నుండి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. పోటీ మళ్లీ మొదలైంది. కాని సమాధానాన్ని ఆధారం నుండి విడదీసే ధోరణి కూడా దానితోపాటే బలపడుతున్నదని ఈ వ్యాస ప్రతిపాదన.

గ్రంథాలయం, బిట్‌బ్యాంకు

1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపనతో హైదరాబాదులో తెలుగు గ్రంథాలయోద్యమం ఆరంభమైంది. గ్రంథాలయం పాఠకుణ్ణి పుస్తకం దగ్గరకు చేర్చి ఆగుతుంది. సమాధానాన్ని వెదకి, బేరీజు వేసుకోవలసింది పాఠకుడే. పోటీపరీక్షల విస్తరణతో దీనికి భిన్నమైన రచనారూపం ఒకటి ప్రచారంలోకి వచ్చింది. అదే బిట్‌బ్యాంకు. అందులో ప్రశ్న, సమాధానం మాత్రమే ఉంటాయి. ఆ సమాధానం ఏ గ్రంథం నుండి వచ్చిందో తరచుగా ఉండదు. జిరాక్సు నోట్సు ధోరణి కూడా ఇదే. ఆధారం లేని సమాధానం చాట్‌బాటుతో పుట్టినది కాదని దీనివల్ల స్పష్టమవుతుంది.

అయితే పరీక్ష ముగిశాక ఆధారం మళ్లీ ముందుకు వస్తుంది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రాథమిక కీపై అభ్యంతరాలు ఆహ్వానించేటప్పుడు గ్రంథకర్త, ముద్రణ, పుట సంఖ్య, ప్రచురణకర్త వంటి వివరాలతో ఆధారాలు చూపమని కోరుతూ వచ్చింది. ఒక్క మార్కు తేడాతో ఉద్యోగం చేజారే చోట పుట సంఖ్య విలువ చిన్నది కాదు.

శోధనయంత్రాల దశ

1994లో యాహూ, 1995లో ఆల్టావిస్టా, 1998లో గూగుల్ సంస్థ వెలశాయి. తొలి దశలో పోటీ లంకెల వరుసక్రమంపై సాగింది. సరైన పుటను ముందు చూపగలిగినదే నెగ్గింది. ఈ పోటీలో తెలుగు చాలాకాలం బయటే ఉండిపోయింది. 1991 నాటికే యూనికోడ్‌లో తెలుగుకు స్థానం దక్కినా, తెలుగు దినపత్రికల వెబ్‌సైట్లు చాలా ఏళ్లు తమ సొంత ఫాంట్లనే వాడాయి. కంటికి తెలుగుగా కనిపించినది యంత్రానికి తెలుగు కాలేదు. చిత్రరూపంలో స్కాన్ చేసిన పాత పుస్తకాల స్థితి కూడా ఇదే.

క్రమంగా గూగుల్ ఆధిపత్యం స్థిరపడింది. దీనికి నాణ్యత ఒక్కటే కారణం కాదు. ఫోన్లలో, బ్రౌజర్లలో తన యంత్రమే ముందుగా అమరి ఉండేందుకు గూగుల్ 2021లో 2,630 కోట్ల డాలర్లు చెల్లించినట్లు అమెరికా న్యాయస్థానంలో వెల్లడైంది. సాధారణ శోధనలో ఆ సంస్థ గుత్తాధిపత్యాన్ని చట్టవిరుద్ధంగా నిలుపుకున్నదని 2024 ఆగస్టులో ఆ న్యాయస్థానం తీర్పు చెప్పింది.

చాట్‌బాట్ల దశ

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ విడుదలైంది. 2023 ఫిబ్రవరిలో హైదరాబాదులో జన్మించిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ తన బింగ్‌కు సంభాషణ సౌకర్యాన్ని జోడించింది. అదే నెలలో గూగుల్ బార్డ్‌ను ప్రకటించి, జులైలో దానికి తెలుగును చేర్చింది. 2024 మేలో లంకెలకు పైన యంత్రం కూర్చిన సారాంశాన్ని అమెరికాలో చూపడం ప్రారంభించింది. పోటీ లంకెల నుండి సమాధానానికి మారింది. 2025 సెప్టెంబరులో పరిహార చర్యలు నిర్ణయించేటప్పుడు అమెరికా న్యాయస్థానం ఈ మార్పును పరిగణనలోకి తీసుకున్నది. క్రోమ్‌ను అమ్మాలన్న వాదాన్ని తోసిపుచ్చి, ప్రత్యేక హక్కుల ఒప్పందాలను నిషేధించింది. కొంత శోధన సమాచారాన్ని అర్హులైన పోటీదారులతో పంచుకోవాలని ఆదేశించింది.

భారతదేశంలో ఈ పోటీ సిమ్‌కార్డు ద్వారా వచ్చింది. 2025 జులైలో ఎయిర్‌టెల్ తన ఖాతాదారులకు పర్‌ప్లెక్సిటీ ప్రో సేవను ఏడాదిపాటు ఉచితంగా ఇచ్చింది. అక్టోబరులో జియో గూగుల్ జెమిని ప్రో సేవను ప్రకటించగా, నవంబరులో ఓపెన్ఏఐ చాట్‌జీపీటీ గోను ఏడాది ఉచితం చేసింది. యంత్రాలు కొత్తవే, కాని ముందుగా చేతిలో ఉన్నదానికే అలవాటు పడేట్లు చేసే వ్యూహం పాతదే. చిక్కడపల్లి గ్రంథాలయంలో చదువుకునే అభ్యర్థి ఎంపికను ఇకపై నాణ్యతతోపాటు అతని రీఛార్జి పథకం కూడా ప్రభావితం చేస్తుంది.

ముగింపు

లంకెల శోధనలో పాఠకుడు పుటను చేరితేనే ఆ పుట రచయితకు, ప్రచురణకర్తకు గుర్తింపు దక్కుతుంది. సమాధానం అక్కడికక్కడే దొరికితే పుట దాకా వెళ్లే అవసరం తగ్గుతుంది. కొన్ని యంత్రాలు ఆధారాల లంకెలు చూపుతున్నా, యంత్రానికి అందని గ్రంథాన్ని ఏ యంత్రమూ ఉదాహరించలేదు. తెలుగులో అటువంటి గ్రంథాలు ఎక్కువ. అందువల్ల ఈ పోటీలో ఎవరు నెగ్గుతారన్నదానికన్నా, తెలుగు గ్రంథం ఏ రూపంలో నిలుస్తుందన్నది మనకు ముఖ్యం. ముద్రణ వివరాలు, పుట సంఖ్యలు చెదరకుండా గ్రంథాలను యంత్రపఠనీయం చేయడం విశ్వవిద్యాలయ తెలుగు శాఖలు చేపట్టదగిన పని. ఆ పని జరిగితే అశోక్‌నగర్ అభ్యర్థికి సమాధానంతోపాటు దాన్ని నిరూపించే పుట కూడా దొరుకుతుంది. జరగకపోతే అతని చేతికి అందేది మాట్లాడే బిట్‌బ్యాంకు మాత్రమే.