నింపుకొని కొట్టేది: భర్మార్ పుట్టుపూర్వోత్తరాలు

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాతతరం వాళ్ల నోట తుపాకి కంటే ముందు భర్మార్ అనే మాటే వస్తుంది. ఉర్దూలో భర్‌నా అంటే నింపడం, మార్‌నా అంటే కొట్టడం. రెండు క్రియలు కలిసి ఒక వస్తువుకు పేరయ్యాయి. మందు నింపాలి, కొట్టాలి, మళ్లీ నింపాలి. ఆ ఆయుధం చేసే పని అంతకు మించి ఏమీ లేదు.

ఈ పేరు నాకెంతో ఇష్టం. తుపాకుల చరిత్ర రాసేవాళ్లు గొట్టం పొడవు, గురి దూరం, తయారుచేసిన కంపెనీల గురించి పేజీలకు పేజీలు రాస్తారు. జనం మాత్రం నింపడం అనే పనిని పట్టుకున్నారు. తుపాకి ఎవరి చేతిలో ఉందన్నది సగం సంగతే. దాన్ని మళ్లీ నింపుకోగలవాడెవడన్నది అంతకంటే పెద్ద సంగతి. తెలంగాణలో ఎన్నో పోరాటాలు అక్కడే గెలిచాయి, అక్కడే ఆగిపోయాయి.

తుపాకి అన్న మాట మనకు దూరం నుంచి వచ్చింది. టర్కీ భాషలో తుఫెక్, పారశీకంలో తుఫంగ్, దక్కనుకొచ్చేసరికి తుపాకి. తూటా ఉర్దూ నుంచి దిగింది. లోపల పోసే పొడికి మాత్రం తెలుగు కొత్త పేరు వెతుక్కోలేదు. జ్వరానికి వేసేదాన్ని ఏమందో దీన్నీ అదే అంది: మందు. పెట్లుప్పు, గంధకం, బొగ్గు కలిసిన నల్లమందు అది. మూడూ ఇక్కడి అంగళ్లకూ ఇళ్లకూ కొత్తవేమీ కావు.

పాలమూరు దక్షిణపు అంచున కృష్ణ దాటితే రాయచూరు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు ఆదిల్‌షాహీ సైన్యాన్ని ఓడించి ఆ కోటను ముట్టడించినప్పుడు, క్రిస్టోవావ్ దె ఫిగెరెదో అనే పోర్చుగీసు వర్తకుడు తన మనుషులతో వచ్చి చేరాడు. వాళ్ల దగ్గరున్నవి చేతి తుపాకులు. గోడమీద తల పైకెత్తిన వాడినల్లా కొట్టారు. కింద కూలీలు గునపాలతో గోడరాళ్లు ఊడదీశారు. అంతటి కోట పడిపోవడానికి ఒక గుప్పెడు తుపాకులు దారి చేశాయి. అప్పటివి జామగి తుపాకులు. జామగి అంటే నెమ్మదిగా రాజుకుంటూ కాలే వత్తితాడు. వాన పడితే అది ఆరిపోతుంది, చీకట్లో ఆ నిప్పుకణికే మనిషి ఎక్కడున్నాడో పట్టిస్తుంది.

మరో రెండు శతాబ్దాలకు సర్వాయి పాపన్న వచ్చాడు. ఖిలాషాపూర్ గీతకార్మికుల బిడ్డ. 1708లో ఓరుగల్లును కొల్లగొట్టాడు, ఆ తర్వాత భువనగిరి మీదికీ వెళ్లాడు. కోస్తాలో ఇంగ్లీషు, డచ్చి వర్తకుల దగ్గర తుపాకులు కొన్నాడు. గౌడ్ల ఇంట పుట్టినవాడు అంత దూరం నుంచి ఆయుధాలు తెప్పించాడంటే ఎంత ముందుచూపో ఆలోచించండి. 1710లో మొగలు సైన్యం చుట్టుముట్టింది. నెలల తరబడి నిలబడ్డాడు. చివరికి మందుగుండు నిండుకుంది. మారువేషంలో కోట వదిలి వెళ్లి కల్లు దుకాణంలో పట్టుబడ్డాడు. ఆ కథలో అందరూ తాటికల్లు దుకాణం ఘట్టం చెప్పుకుంటారు. నా మనసు మాత్రం ఆ ఖాళీ మందుకొట్టు దగ్గరే ఆగిపోతుంది.

ఇక భర్మార్‌ను దగ్గరగా చూద్దాం. మనిషి ఛాతీ దాటే పొడుగు గొట్టం, లోపల నున్నగా ఉంటుంది. కొమ్ములో దాచిన మందును మూతిలోంచి పోస్తారు. దానిమీద పీచో గుడ్డపేలికో పెట్టి ఇనప కడ్డీతో దిగ్గొడతారు. ఆపైన సీసపు గుండ్లు, అవి లేకపోతే ఇనప ముక్కలు. కదలకుండా మళ్లీ పేలిక. వెనకవైపు చిన్న ముక్కు మీద రాగి టోపీ తొడుగుతారు. గుర్రం ఆ టోపీ మీద పడగానే నిప్పు లోపలికి పాకుతుంది. పెద్ద చప్పుడు, ఎదుట ఏమీ కనబడనంత తెల్లటి పొగ, భుజానికి గట్టి దెబ్బ. ఆ తర్వాత చేతిలో మిగిలేది ఉత్త గొట్టమే. మళ్లీ నింపేదాకా ఎదుటివాడిదే పొద్దు.

ఆ రాగి టోపీ వెనక స్కాట్లండుకు చెందిన అలెగ్జాండర్ ఫోర్సిత్ అనే మతబోధకుడున్నాడు. బాతుల వేటకు వెళ్తే చెకుముకి తుపాకి మెరుపు చూసి పిట్టలు ముందే లేచిపోయేవి. మెరుపు లేకుండా, దెబ్బ తగలగానే అంటుకునే రసాయనంతో పేల్చే పద్ధతికి ఆయన 1807లో పేటెంటు తీసుకున్నాడు. టోపీ దాని తర్వాతి మెట్టు. కమ్మరి కొలిమిలో గొట్టం పుడుతుంది, మందు ఊళ్లోనే కలుస్తుంది, టోపీ మాత్రం బజారు నుంచి రావాలి. భర్మార్ బయటి ప్రపంచానికి బాకీ పడింది ఆ గోరంత రాగి ముక్క దగ్గరే.

1857 వచ్చింది. బారక్‌పూర్‌లో కాగితపు తూటాలకు పూసిన కొవ్వు గురించి సిపాయిల్లో అలజడి రేగింది. తూటా కొనను పంటితో చింపి మందు పోయాలి, బాధ అక్కడ మొదలైంది. ఆ ఏడాది జులైలో హైదరాబాదులో తుర్రేబాజ్ ఖాన్ బ్రిటిష్ రెసిడెన్సీ మీద విరుచుకుపడ్డాడు. సరిగ్గా అదే ఏడాది అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ పాయింట్ 22 రివాల్వరును అమ్మకానికి పెట్టింది. ఏడు గదులు, ఏడు తూటాలు. మందు, గుండు, నిప్పు మూడూ ఒక్క గొట్టంలోనే. పోయడం, దిగ్గొట్టడం అవసరం లేదు.

ఈ కొత్త సుఖంలో ఒక మెలిక ఉంది. ఆ చిన్న తూటాలో అంటుకునే రసాయనం అడుగు అంచులో చుట్టూ పరుచుకొని ఉంటుంది. సూది ఆ అంచును నలిపేస్తేనే పేలుతుంది. ఒకసారి నలిగిన అంచును మళ్లీ వాడలేరు. ఆ తూటా తయారీ ఆగిందా, రివాల్వరు ఎంత నిగనిగలాడుతున్నా బొమ్మే. 1866లో ఇంగ్లండులో బాక్సర్, అమెరికాలో బెర్డాన్ అడుగు మధ్యలో విడి టోపీ అమర్చే పద్ధతులు తెచ్చారు. వాడిన టోపీ తీసి కొత్తది పెట్టి, ఇత్తడి గొట్టాన్ని మళ్లీ నింపవచ్చు. పాత చిన్న రివాల్వర్లను ప్రాణప్రదంగా చూసుకునే వాళ్లు విదేశాల్లో ఇప్పటికీ ఆ పని చేస్తారు. భర్మార్‌లోని భర్ ఇత్తడి తొడుక్కొని అక్కడ తిరిగొచ్చింది. కానీ నల్లమందు కోసం పోతపోసిన పాత ఉక్కులో పొగలేని కొత్త మందు పడితే గది పగిలి చేతివేళ్లే పోతాయి. పాత ఇనుము బలం తెలియనివాడు దాన్ని ముట్టుకోకపోవడమే మేలు.

సొంతంగా నింపుకొనేదానికీ బయట తెచ్చుకోవాల్సినదానికీ ఉన్న ఈ తేడా మన వైపు ప్రాణాల మీదికి వచ్చింది 1946లో. జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా జనగామ తాలూకా కడవెండిలో జనం కర్రలతో, వడిసెలలతో ఊరేగింపు తీశారు. విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు కాల్చిన తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. 1947 సెప్టెంబరు 11న కమ్యూనిస్టు నాయకులు రావి నారాయణరెడ్డి, బద్దం ఎల్లారెడ్డి, మఖ్దూం మొహియుద్దీన్ నిజాం మీద సాయుధ పోరాటానికి పిలుపిచ్చారు. దళాల దగ్గర మొదట్లో ఉన్నవి వడిసెలలు, గుత్పలు, భర్మార్‌లు. గడీల నుంచి, పోలీసుల నుంచి గుంజుకున్నవి తర్వాత చేరాయి. రైఫిల్ దొరికితే సంబరమే, కానీ దాని తూటాలు లెక్కబెట్టి వాడాలి. అయిపోతే మళ్లీ శత్రువు దగ్గరే తెచ్చుకోవాలి. భర్మార్‌కు ఆ బెంగ తక్కువ. ఊళ్లో కమ్మరి ఉండి, బజారులో టోపీలు దొరికితే చాలు, అది బతికేది.

అవతలివైపు సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు 1948లో కరాచీ నుంచి విమానాల్లో నిజాముకు ఆయుధాలు చేరవేశాడు. ఆకాశం నుంచి దిగే పెట్టెలు ఒకపక్క, కొలిమి దగ్గర కాలే గొట్టం ఒకపక్క. ఆ ఏడాది ఆగస్టు 27న భైరాన్‌పల్లిలో రెండూ ఎదురుపడ్డాయి. బురుజెక్కి నాటు తుపాకులతో అంతకుముందు నిజాం పక్షపు రజాకార్లను తరిమికొట్టిన ఊరది. ఈసారి నిజాం సైన్యం ఫిరంగులతో వచ్చింది. తొంభై మందికి పైగా చనిపోయారు. ఆ బురుజు ఇప్పటికీ నిలబడే ఉంది. దాని కింద నిలబడి పైకి చూస్తే గొంతు పెగలదు.

కరివిరాల కొత్తగూడెం బిడ్డ మల్లు స్వరాజ్యం టీనేజీలోనే దళంలోకి వెళ్లింది. ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టారు. 1951 అక్టోబరులో పోరాటం విరమించాక తుపాకి దిగింది. ముసలితనంలో తన జీవితం చెప్పుకుంటే వచ్చిన పుస్తకం పేరు ‘నా మాటే తుపాకి తూటా’. తూటా చివరికి మాటలో నిండింది.

ఇప్పుడు తుపాకి ఉంచుకోవాలన్నా, తూటా నింపాలన్నా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. ఆ చట్టం రెండుచోట్ల మన కథను తాకుతుంది. మరమ్మతు చేసినా పేలని కాలం చెల్లిన ఆయుధానికి 45వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది. తూటా దొరక్కపోయినా కాల్చగల స్థితిలో ఉన్న రివాల్వరుకు మాత్రం ఆ మినహాయింపు లేదు. ఇక 13వ సెక్షన్‌లో లైసెన్సు ఇవ్వదగ్గ ఆయుధాల జాబితాలో, నిజంగా పంట కాపాడుకోవడానికి వాడే, మూతి నుంచి నింపే తుపాకి అని ప్రత్యేకంగా రాసి ఉంది. పాలమూరు పల్లిచేలో అడవిపందులు పడ్డ రాత్రి మంచె మీద కూచున్న రైతు కోసం, భర్మార్ అన్న పేరెత్తకుండానే, పార్లమెంటు రాసిపెట్టిన నాలుగు మాటలవి.