ముద్ర ఒకరిది, వ్రాత మరొకరిది

చదువు రానివాడు, చదువు వచ్చినా తీరిక లేనివాడు, నలుగురిలో తన మాట ఘనంగా ఉండాలని కోరుకునేవాడు – ఈ ముగ్గురూ ఏ కాలంలోనైనా వ్రాసిపెట్టేవాడి గుమ్మం తొక్కినవారే. మన సమాజంలో ఆ మనిషికి కాతిబ్ అనీ, మున్షీ అనీ పేర్లు. పెద్ద అధికారి ఊరికి వస్తే సభలో చదివే సిపాస్‌నామా కావాలన్నా, బాకీ ఎగ్గొట్టినవాడికి గట్టిగా ఒక ఉత్తరం పోవాలన్నా మున్షీజీయే దిక్కు. మన మాట మరొకరిచేత వ్రాయించుకోవడం చిన్నతనమని కొందరు అంటారు. మేము ఒప్పుకోము. చిక్కు అక్కడ లేదు, వేరే చోట ఉన్నది.

పవిత్ర ఖుర్ఆన్‌లో అన్నిటికంటె పెద్ద ఆయతు బఖరా సూరాలోని 282వది. అది అప్పు పత్రం వ్రాయించుకోవడం గురించే. వ్రాత వచ్చినవాడు కాదనరాదు, న్యాయంగా వ్రాయాలి. వ్రాయవలసిన మాట చెప్పవలసింది అప్పు తీసుకున్నవాడు. అతనికి చెప్పే శక్తి లేకపోతే అతని బాగోగులు చూసే పెద్ద చెప్పాలి. వ్రాసినవాడికి గాని సాక్షికి గాని హాని చేయరాదు. అంటే కలం ఎవరిదైనా, మాట మాత్రం దాని బరువు మోసేవాడిదే కావాలన్నమాట. దైవప్రవక్త (స.అ.స.) రాజులకు పంపిన లేఖలు కాతిబులు వ్రాసినవే, వాటి మీద వెండి ఉంగరపు ముద్ర పడేది. యూదుల లిపి నేర్చుకొమ్మని జైద్ బిన్ సాబిత్ (రజి.) గారికి చెప్పడం కూడా, ఆ ఉత్తరాలు చదివి జవాబు వ్రాయడానికి నమ్మకమైన మనిషి కావాలనే.

తరువాత తరువాత ఇదే 'ఇన్షా' అనే పెద్ద విద్య అయింది. అక్బరు పాదుషాకు చదవడం వ్రాయడం రాదని చెబుతారు. అయినా తూరాన్ పాలకుడు అబ్దుల్లా ఖాన్ ఉజ్బెక్ వంటివారికి ఆయన పేర వెళ్లిన లేఖలు అబుల్ ఫజల్ కలంలోనివి. వాటిని మేనల్లుడు అబ్దుస్సమద్ పోగుచేస్తే, ఆ పుస్తకం ఎన్నో తరాల పిల్లలకు మక్తబులలో పాఠమైంది. షాజహాన్ కొలువులో పేరుపొందిన మున్షీ చంద్రభాన్ బ్రాహ్మణ్ హిందువు. పారశీకం వచ్చి, నోరు కట్టుకోగలిగితే చాలు, మతం అడ్డు కాలేదు. గోల్కొండలో కుతుబ్‌షాహీల ఫర్మానాలు కొన్ని పారశీకంతోపాటు తెలుగులోనూ వెలువడ్డాయి. కాబట్టి మున్షీగిరీ ఒక్క భాషవారి సొత్తని ఎవరైనా అంటే నమ్మనక్కర లేదు.

ఈ విద్యలో మన దక్కనుకు పేరు తెచ్చినవాడు ఖ్వాజా మహమూద్ గవాన్. ఇరాన్‌లోని గీలాన్ నుంచి వర్తకుడుగా వచ్చి బహమనీ రాజ్యానికి వజీరు అయినాడు. 1472లో బీదరులో ఆయన కట్టించిన మదర్సా కొంత కూలినా నేటికీ నిలిచి ఉంది. ఆయన ఉత్తరాలు 'రియాజుల్ ఇన్షా'గా, ఉత్తరాలు వ్రాసే పద్ధతి చెప్పే గ్రంథం 'మనాజిరుల్ ఇన్షా'గా మనకు దక్కాయి. అంతటివాడి ప్రాణం తీసింది ఒక ఉత్తరం. అదీ ఆయన వ్రాయనిది.

కథ ఫెరిష్తా చరిత్రలో ఉంది. వజీరంటే గిట్టని అమీర్లు ఆయన ముద్ర దాచే బానిసను మచ్చిక చేసుకున్నారు. మత్తులో ఉన్న సమయం చూసి, మడతపెట్టిన తెల్లకాగితం మీద గవాన్ ముద్ర వేయించుకున్నారు. ఆ పైన తీరుబాటుగా ఒరిస్సా గజపతికి ఉత్తరం వ్రాసుకున్నారు – మా సుల్తాను తాగుబోతు, దండెత్తి రా, రాజ్యం చెరిసగం అని. అప్పుడు మూడవ మహమ్మద్ షా కొండపల్లిలో విడిది చేసి ఉన్నాడు. మనం కొయ్యబొమ్మలు కొనుక్కునే కొండపల్లే. గవాన్‌ను పిలిపించి కాగితం చూపించాడు. ముద్ర నాదే గాని ఉత్తరం సంగతి నాకు తెలియదని ఆ వృద్ధుడు జవాబిచ్చాడు. విచారణ లేదు, వ్రాత పోల్చి చూసిందీ లేదు. 1481 ఏప్రిల్ 5న తల తీయించారు. నిజం తెలిసి సుల్తాను కుమిలిపోయాడు, మరుసటి ఏడే పోయాడు. ఆ తరువాత రాజ్యం అయిదు ముక్కలైంది.

దక్కనీలకూ, బయటినుంచి వచ్చిన ఆఫాఖీలకూ ఉన్న పగే దీనికి మూలమని చరిత్రకారులు వ్రాస్తారు. అది నిజమే. కాని మాకు ఆ తెల్లకాగితమే కళ్ళలో మెదులుతూ ఉంటుంది.

ఎందుకంటే అదే కాగితం పేదల ఇళ్ళకూ వచ్చింది. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట హైదరాబాదు పాతబస్తీ నుంచీ, కడప వైపు నుంచీ మనవాళ్ళు సౌదీకి, కువైట్‌కు బయలుదేరారు. పోస్టాఫీసు వరండాలో కూర్చునే ఉత్తరాలాయనకు చేతినిండా పని. 'బాద్ సలాం కే' అని మొదలుపెట్టి, అందరి క్షేమం వ్రాసి, ఆ పైన ఏం వ్రాయమంటావమ్మా అని అడిగేవాడు. బురఖాలో ఉన్న కోడలు, పక్కనే అత్త. ఆ పిల్ల భర్తకు చెప్పుకోవలసింది పరాయి మగవాడి ముందు చెప్పగలదా? పిల్లల జ్వరం, ఇంటి కిరాయి, డ్రాఫ్టు అందింది – ఇంతే కాగితం మీదికి ఎక్కేది. జవాబు వస్తే చదివిపెట్టేదీ ఆయనే గనుక ఏ ఇంటికి ఎంత వచ్చిందో ఆయనకు తెలుసు. ఆ రహస్యాలు కడుపులో దాచుకున్న మున్షీలు ఎందరో ఉన్నారు. టేపురికార్డర్లు వచ్చాక ఆడవాళ్ళు క్యాసెట్లు నింపి, పోయేవాళ్ళ చేత పంపడం ఎందుకు మొదలుపెట్టారో వేరే చెప్పాలా?

తంతి కూడా 2013 జూలైలో ఆగిపోయింది. ఉత్తరాలాయన వరండా ఖాళీ అయింది గాని పని పోలేదు. నేడు నానీమా మీసేవలో పింఛను ఫారం నింపిపెట్టే పిల్లవాడి ముందు కూర్చుంటుంది. వేలు పెట్టు నానీమా అంటాడు. సిరా లేదు, అద్దం మీద పెడుతుంది. తెర మీద ఏం వ్రాసి ఉందో చదివి వినిపించమని ఆమె ఇంకా అడగలేదు.