గాయపడిన ఊపిరితిత్తులు – మూలకణ చికిత్స: ఒక భావన పరిణామం

గాయపడిన ఊపిరితిత్తులను మూలకణాలతో బాగుచేయవచ్చన్న ఆలోచనకు సుమారు పాతికేళ్ల చరిత్ర ఉంది. ఈ కాలంలో చికిత్స పేరు నిలిచింది గాని, దాని అర్థం దాదాపు తలకిందులైంది. ఆ మార్పును పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

వియత్నాం యుద్ధంలో గాయపడిన సైనికులు కొందరు, రక్తస్రావం ఆగి కోలుకుంటున్నారనుకున్న దశలో ఊపిరాడక మరణించేవారు. సైనిక వైద్యులు దీనిని ‘డా నాంగ్ ఊపిరితిత్తి’ అన్నారు. 1967లో యాష్‌బా, బిగెలో, పెటీ, లెవిన్ అనే అమెరికా వైద్యులు ఇటువంటి 12 మంది రోగుల వివరాలను ‘లాన్సెట్’ పత్రికలో ప్రకటించారు. వారిలో ఏడుగురికి తీవ్ర గాయాలే మూలం. నేడు ఎ.ఆర్.డి.ఎస్. అని పిలిచే ఈ వ్యాధి రావడానికి ఛాతీకే దెబ్బ తగలనక్కరలేదు. తొడ ఎముక విరిగినా, ఆ గాయానికి శరీరం చూపే ప్రతిస్పందన రక్తం ద్వారా వ్యాపించి వాయుకోశాల పలుచని గోడలను దెబ్బతీయవచ్చు. అప్పుడు గాలి ఉండవలసిన చోట ద్రవం నిండుతుంది.

దీనికి ఆధారం కృత్రిమ శ్వాసయంత్రమే. 861 మంది రోగులపై జరిపి 2000లో ప్రకటించిన అధ్యయనం, ఒక్కొక్క శ్వాసకు ఇచ్చే గాలిని సగానికి తగ్గిస్తే మరణాలు 39.8 శాతం నుంచి 31 శాతానికి తగ్గుతాయని చూపింది. ఇది యంత్రం చేసే హానిని తగ్గించడమే. గాయాన్ని మాన్పే మందు మాత్రం దొరకలేదు. మూలకణాలపై ఆశ ఈ లోటులోనే బలపడింది.

మాస్కోలో ఫ్రీడెన్‌స్టైన్ 1960ల నుంచే ఎముక మజ్జలో రక్తాన్ని తయారుచేయని, పాత్ర అడుగుకు అంటుకొని పెరిగే కణాలను పరిశోధించాడు. 1991లో ఆర్నాల్డ్ కాప్లాన్ ఇటువంటి కణాలకు ‘మీసెంకైమల్ స్టెమ్ సెల్స్’ అని పేరు పెట్టాడు. తెలుగులో ‘మూలకణం’ అనగానే విత్తనం నుంచి మొక్క మొలిచినట్లు కొత్త అవయవభాగం మొలుస్తుందన్న ఊహ కలుగుతుంది. ప్రయోగశాలల్లోనూ ఆనాటి ఊహ అటువంటిదే. మజ్జలోని మరో రకం కణం ఒక్కదాని సంతతి, ఎలుక వాయుకోశాల కణాల్లో 20 శాతం వరకు ఉండగలదని 2001లో ఒక అమెరికన్ బృందం ప్రకటించడంతో ఆ ఊహకు బలం వచ్చింది. తర్వాత మరింత కఠినంగా పరీక్షించిన ప్రయోగశాలలకు అటువంటి కణాలు కనిపించలేదు.

అసలు మలుపు 2007లో వచ్చింది. శాన్ ఫ్రాన్సిస్కోలో మైఖేల్ మాథే బృందం, బాక్టీరియా విషంతో ఊపిరితిత్తులు దెబ్బతిన్న ఎలుకలకు ఈ మజ్జ కణాలను ఇచ్చింది. ఎలుకలు ఎక్కువగా బతికాయి. కాని ఊపిరితిత్తుల్లో నాటుకున్న కణాలు 5 శాతానికి లోపే! కణాలు ఊపిరితిత్తిగా మారలేదు. అవి విడుదలచేసిన పదార్థాలే వాపును అణచాయని తేలింది. 2012లో మరో బృందం, ఈ కణాలు తమ మైటోకాండ్రియాను దెబ్బతిన్న వాయుకోశ కణాలకు అందిస్తాయని ఎలుకల్లో చూపింది. అంటే ఇవి ఇటుకలు కావు, తాత్కాలికంగా వచ్చి వెళ్లే పనివారు.

మనుషుల్లో ఫలితాలు ఇంత ఆశాజనకంగా లేవు. 2019లో వెలువడిన ‘స్టార్ట్’ ప్రయోగం రెండో దశలో 40 మందికి కణాలు, 20 మందికి ఉత్తుత్తి మందు ఇచ్చారు. 28 రోజుల్లో మరణాలు వరుసగా 30, 15 శాతం. కణాలు పొందినవారే మొదటి నుంచి ఎక్కువ జబ్బుగా ఉన్నారు. తేడా గణాంకపరంగా నిర్ధారితం కాదు. హాని రుజువు కాలేదు, మేలూ రుజువు కాలేదు. శీతలీకరించి తెచ్చిన కణాల్లో సజీవంగా ఉన్నవి 36 నుంచి 85 శాతం వరకు మారడం మరో చిక్కు. ఒకే పేరుతో ఇచ్చిన మందు, నిజానికి ఒకే మందు కాదన్నమాట.

2017లో కాప్లాన్ స్వయంగా, తాను పెట్టిన పేరు మార్చాలని వ్రాశాడు. ‘స్టెమ్’ అన్నమాట రోగులను తప్పుదారి పట్టిస్తున్నదని ఆయన ఆక్షేపణ. ఎం.ఎస్.సి. అన్న సంక్షిప్తరూపాన్ని ఉంచి, ‘సంకేతాలిచ్చే ఔషధ కణాలు’ అన్న అర్థంలో కొత్త విస్తరణ సూచించాడు. అదే ఏడాది భారత వైద్య పరిశోధన మండలి మార్గదర్శకాలు, రక్తసంబంధ వ్యాధుల వంటి ఆమోదిత సందర్భాల్లో తప్ప మూలకణాలను అనుమతి పొందిన క్లినికల్ ప్రయోగాల్లో మాత్రమే వాడాలని నిర్దేశించాయి. గాయపడిన ఊపిరితిత్తి ఆ ఆమోదిత జాబితాలో లేదు.