కచ్చిక, ఉప్పు, సురేకారం

పళ్ళు తోముకోవడానికి మన పూర్వికులకు పుల్ల ఉండేది, పొడి ఉండేది. వేపపుల్ల సంగతి అందరూ చెబుతారు. పొడిని తలచుకునేవారు తక్కువ.

మద్రాసు నుండి బయలుదేరిన ట్రూరో ఓడ 1860 నవంబరు 16న డర్బను చేరింది. 1911 వరకు ఈ నేటాలుకు 1,52,184 మంది ఒడంబడిక కూలీలు వచ్చారు. వారిలో మనవాళ్ళూ ఉన్నారు. ఐదేండ్ల ఒడంబడిక, మొదటి ఏడు నెలకు పది షిల్లింగుల జీతం, రేషనులో బియ్యం, పప్పు, ఉప్పు. పళ్ళపొడి ఎవరిస్తారు? పొయ్యిలో బూడిద, బొగ్గు ఉన్నాయి. పిడక కాలిస్తే కచ్చిక. దానికి చిటికెడు ఉప్పు. కొందరు ఇటుక కూడా నూరేవారు.

ఇవన్నీ పళ్ళను తెల్లగా చేసేవి, నిజమే. కాని అది రాపిడి వలన వచ్చిన తెలుపు. ఖనిజాల గట్టితనాన్ని కొలిచే మోస్ కొలతలో పంటి పైపొర ఎనామిలుకు సుమారు 5, సుద్దకు 3, ఇటుకలోని ఇసుకకు 7. సుద్ద మురికిని తీస్తుంది. ఇసుక పంటినే తీస్తుంది. అరిగిన ఎనామిలు మళ్ళీ పెరగదు. లోపలి పసుపు పొర బయటపడుతుంది, చన్నీళ్ళు తగిలితే పన్ను జివ్వుమంటుంది. తెలుపు కోసం తోమి తోమి పసుపు తెచ్చుకోవడమన్నమాట!

ఈ జివ్వుమనడానికి మందు కూడా ఖనిజమే. 1961లో స్ట్రాన్షియం లవణంతో ఒక అమెరికా కంపెనీ పేస్టు తెచ్చింది. తరువాత సురేకారం వచ్చింది. ఒకప్పుడు తుపాకిమందు కోసం తూర్పిండియా కంపెనీ మన దేశం నుండి ఓడలకెత్తిన సరుకే అది! నేడు అలాంటి పేస్టులలో నూటికి 5 పాళ్ళు కలిపి పంటి నరాన్ని శాంతింపజేస్తున్నారు. జపానువారు 1980లో పంటిలో ఉండే ఖనిజాన్నే, అంటే హైడ్రాక్సీ ఎపటైటును, పేస్టులో కలిపారు. 1993లో అక్కడి ప్రభుత్వం దానిని పుచ్చును అడ్డగించే పదార్థంగా ఒప్పుకుంది.

ఇప్పుడు అంగళ్ళలో బొగ్గు పేస్టు ఖరీదైన సరుకు. మా విద్యార్థులు గొప్పగా కొంటారు. అది క్షేమమని గాని, గుణమిస్తుందని గాని చెప్పడానికి తగిన ఆధారాలు లేవని 2017లో అమెరికా దంతవైద్య సంఘ పత్రికలో వచ్చిన సమీక్ష తేల్చింది. మన అవ్వలు బొగ్గు వాడింది అది ఊరికే దొరికినందున. వారిని వెక్కిరించడం తగదు. వారి పేరు చెప్పి బొగ్గు అమ్మడమూ తగదు.

కచ్చిక అన్న మాట తెలిసినవారు మనలో కొద్దిమందే మిగిలారు. మీ ఇంట్లో పొడి ఎలా నూరేవారో, దానిని ఏమని పిలిచేవారో పెద్దలను అడిగి మాకు వ్రాయగలరు.