బిళ్లలు పోయి పేర్లు నిలిచిన ఉత్తరదేశము

కెనడా దేశపు ఉత్తరాగ్రమున, చెట్టు మొలవని హిమభూములలో, తరతరములుగ వేటయే జీవనాధారముగ మనుచుండిన ఇనూయిట్ జనులకు 1941 మొదలుకొని ఇంచుమించు ముప్పది యేండ్లు ప్రభుత్వపు కాగితములలో పేరుకంటె సంఖ్యయే ప్రధానమై యుండెను. గట్టి నారతో చేసిన యొక గుండ్రని బిళ్ల. దాని నడుమ రాజకిరీటము, వెనుక సంఖ్య, త్రాడు దూర్చుట కొక రంధ్రము. తూర్పువారికి ‘ఇ’, పడమటివారికి ‘డబ్ల్యు’, పిదప మండలపు అంకె, ఆపైని మనిషి అంకె. 1945లో కుటుంబభృతి యేర్పడిన పిమ్మట దాని లెక్కలన్నియు ఈ బిళ్ల చుట్టునే తిరిగెను.

ఇది కేవలము దొరల యహంకార మనుట సులభమే గాని, వారి చిక్కును విచారింపవలసినదే. ఇనూయిట్లకు నాడు ఇంటిపేరు లేకుండెను. గతించిన బంధువు పేరు, ఆడ మగ భేదము లేక, పుట్టిన శిశువునకు పెట్టుదురు. పేరుతోబాటు వరుసయు సంక్రమించును గనుక, తన తండ్రి పేరు దాల్చిన పసికందును తల్లియే తండ్రీ యని పిలుచుట కలదు. మామగారి పేరు పెట్టిన కొడుకును ఆ పేరెత్తి పిలువ జంకెడు కోడండ్ర నెరిగిన మనకు ఇది వింతగాదు. మతబోధకులు వచ్చి బైబిలు పేర్లు పెట్టిరి. వైద్యుడు, పోలీసు, వర్తకుడు తమ చెవి కెట్లు సోకిన నట్లు వ్రాసికొనిరి. గుమాస్తాకు దిక్కు తోచలేదు. అయినను, పేరు తెలియనిచో తెలిసికొనవలెను గాని మనిషి మెడకు అంకె కట్టుట న్యాయమగునా? 1966లో ఎన్నికలలో నెగ్గి వాయవ్య ప్రాంతముల మండలిలో అడుగిడిన సైమోనీ మైకేల్, తనను సంఖ్యతో వ్యవహరింపవలదని సభాముఖముననే నిలదీసెను.

ఆ మండలిలో నంతకు ముందే, 1965లో, నియమితుడై కూర్చుండిన తొలి ఇనూయిట్ సభ్యుడు అబ్రహాము ఓక్పిక్. 1929లో మెకెంజీ నదీముఖమున జన్మించిన యీ పడమటివాడు తూర్పు మాండలికములును నేర్చినవాడగుటచే, సంఖ్యలకు బదులు ఇంటిపేర్లు నిలుప ప్రభుత్వము తలపెట్టిన పథకమునకు ఆయనకంటె తగినవాడు దొరకడు. 1968 నుండి 1971 వరకు పల్లెపల్లెకు విమానములలో తిరిగి, ఇల్లిల్లు దూరి, పెద్దల నడిగి, ఏ పేరు నిలుపుకొందురో వారి నోటనే విని వ్రాసికొనెను. ఈ పని నిర్దోష మనజాలము: తండ్రి పేరో తాత పేరో భార్యకును బిడ్డలకును అంటగట్టు పద్ధతి వారి యాచారమునకు పరాయిది, ఇంట లేనివారికి ఇతరులే పేరు తేల్చిన సందర్భములును గలవు. కాని సర్కారు ఒక పట్టిక కోరుచున్నప్పుడు, అది తమ భాషలో అడిగి వ్రాయగల తమవాని చేతిమీదుగ సాగుట అల్పవిషయము గాదు.

1976లో ఆయనకు ‘ఆర్డర్ ఆఫ్ కెనడా’ బిరుద మబ్బెను. ఆ దినములలోనే మెకెంజీ లోయ గుండ వాయువు గొట్టము వేయదలచిన సంస్థల విషయమై న్యాయమూర్తి బర్గర్ ఊరూర విచారణ జరుపుచుండగా, ఓక్పిక్ రేడియోలో ఆ వాదప్రతివాదములను స్వజనుల భాషలో వినిపించుచుండెను. పేర్ల పథకమునకే ఆయన కీర్తి హెచ్చు. నాకు మాత్రము ఈ రేడియో పనియే అధికముగ తోచును, ఏలయన తమ నేల నేమి చేయనున్నారో వేటగాడు గుడారములో కూర్చుండి ఏనాటి సంగతి ఆనాడే వినగలిగెను.